పేపర్ వెనక్కి తీసుకుంటే పరువు పోతుందా?

(బెంగళూరు మల్లేశ్వరంలోని ఒక స్టూడియోలో జరిగిన తెలుగు చర్చలో కొంత భాగం. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రొఫెసర్‌గారు అప్పుడే వచ్చి కూర్చున్నారు.)

యాంకర్: అచ్చయిన పరిశోధన పేపర్‌లో తప్పు దొరికితే ఏం చేయాలి? అది చెల్లదని ప్రకటించి వెనక్కి తీసుకోవాలా? మీకే జరిగిందటగా, చెప్పమ్మా.

పరిశోధక విద్యార్థిని: అవునండీ. పేపరొచ్చిన నాలుగు నెలలకి మా జూనియర్ ఎక్సెల్ షీట్ తెరిచి, "అక్కా, ఈ కాలమ్ ఒక్కటే సార్ట్ చేశారా?" అన్నాడు. చూస్తే నిజమే. శాంపిల్ నంబర్లు ఉన్నచోటే ఉన్నాయి, రీడింగులు మాత్రం చిన్న నుంచి పెద్దకి బుద్ధిగా వరస కట్టాయి. చేతులు చల్లబడిపోయాయి. గైడ్‌గారికి చెబితే, "ఎవరు చూస్తారమ్మా, థీసిస్ సంగతి చూసుకో" అన్నారు. మూడోసారి అడిగాక ఆయనే జర్నల్‌కి మెయిల్ పెట్టారు.

ప్రొఫెసర్: ఇలాంటిది పెద్దవాళ్ళకీ జరిగింది. జెఫ్రీ చాంగ్ అని ప్రోటీన్ల నిర్మాణం చూసే ఆయన. ల్యాబ్‌లో వాడిన ప్రోగ్రామ్ రెండు కాలమ్‌లని తారుమారు చేసింది, దాంతో ప్రోటీన్ ఆకారమే తిరగబడింది. 'సైన్స్' జర్నల్‌లో వచ్చిన మూడు పేపర్లని 2006లో ఆయనే వెనక్కి తీసుకున్నారు.

మాజీ జర్నల్ సంపాదకుడు: అన్నీ అలాంటి పొరపాట్లు కావు కదండీ, మోసాలూ ఉంటాయి. పిల్లలకి తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టి 1998లో 'లాన్సెట్' వైద్య జర్నల్ వేసిన పేపర్ చూడండి. పన్నెండు మంది పిల్లల మీద రాసింది, వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. ఈలోగా ఎంతమంది తల్లిదండ్రులు భయపడి టీకా మానేశారో!

ప్రొఫెసర్: నా గొడవా అదే. మోసానికీ పొరపాటుకీ ఒకటే ముద్ర. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో, 2025లో వెనక్కి తీసుకున్న పేపర్లకి మార్కులు కోశారు. ఇక ఈ అమ్మాయిలాగా అడిగితే ఏ డీన్ ఊరుకుంటాడు?

మాజీ సంపాదకుడు: మా తప్పూ ఉందిలెండి. ఎవరు వెనక్కి తీసుకుంటున్నారో, ఎందుకో నోటీసులో రాయమని జర్నళ్ళ నైతికత చూసే 'కోప్' సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. మేం "రచయితల కోరిక మేరకు" అని చేతులు దులుపుకుంటాం. నేనూ రాశాను అలాంటివి.

యాంకర్: మీ పేపర్ ఏమైందమ్మా?

విద్యార్థిని: సవరణతో పోలేదండీ. సరిచేసి గ్రాఫ్ మళ్ళీ గీస్తే, మేం పేపర్‌లో చూపించిన తేడానే మాయమైంది. వెనక్కి తీసుకున్నాం. సార్టింగ్‌లో తప్పని నోటీసులో పట్టుబట్టి రాయించాను. అయినా మొన్న ఎవరో దాన్నే ఉదహరించారు.

మాజీ సంపాదకుడు: ల్యాప్‌టాప్‌లో దాచుకున్న పాత పీడీఎఫ్ మీద ముద్ర పడదుగా! పేపర్లు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునుంటే ఎర్రగా హెచ్చరిక కనిపించేది.

విద్యార్థిని: వాళ్ళకి మెయిల్ పెట్టానండీ. ఇంకా జవాబు రాలేదు.