బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్‌కి తొమ్మిదేళ్లు ఎందుకు పట్టింది?

మన ఆర్మీకి 1,86,138 బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు కావాలని రక్షణ శాఖ ఒప్పుకుంది 2009లో. ఆర్డర్ ఇచ్చింది 2018 ఏప్రిల్‌లో, 639 కోట్లకి. అప్పుడు ఇచ్చింది ఆర్డరే, జాకెట్లు చేతికి రావడానికి మళ్లీ మూడేళ్ల గడువు. జలాంతర్గామో ఫైటర్ జెట్టో అయితే సరే, టైం పడుతుందిలే అనుకుంటాం. ఇది జాకెట్ అండీ! కశ్మీర్‌లో టెర్రరిస్టు దాక్కున్న ఇంట్లోకి ముందు అడుగు పెట్టే కుర్రాడి ఒంటి మీద ఉండాల్సింది.

మధ్యలో ఏం జరిగిందంటే, టెండర్ పిలిచారు, ట్రయల్స్‌లో జాకెట్లు నిలబడలేదు, టెండర్ రద్దు చేశారు, మళ్లీ మొదటికి వచ్చారు. ఇక ఆగలేక 2016లో అత్యవసరం కింద ఒక 50 వేలు కొన్నారు. ఇందులో ఎవరో డబ్బు తిన్నారని నేను అనట్లేదు. అందరూ రూల్ ప్రకారం నడిచినా ఇన్నేళ్లు పట్టింది, నాకు కోపం తెప్పించేది అదే.

అసలు పద్ధతి ఎలా ఉంటుందో చూడండి. ముందు ఆర్మీ తనకేం కావాలో లక్షణాలన్నీ రాసుకోవాలి, ఆ అవసరం నిజమేనని రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ ఒప్పుకోవాలి, తర్వాత టెండర్, కాగితాల మీద పరీక్ష, ఎడారిలోనూ కొండల్లోనూ ట్రయల్స్, ఆపైన ధర బేరం, చివర్లో డబ్బుకి అనుమతి. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ తీసేయదగ్గది కాదు, ట్రయల్స్ లేకుండా కొనమని ఎవరంటారు? కానీ ఒక మెట్టు దగ్గర ఆగితే కింద ఉన్నవన్నీ ఆగుతాయి. పైగా లక్షణాలు రాసేటప్పుడు ప్రపంచంలో ఉన్న మంచి ఫీచర్లన్నీ ఒకే వస్తువులో కావాలని రాస్తారు. మనోహర్ పారికర్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు వీటిలో కొన్ని మార్వెల్ కామిక్స్ నుంచి దిగొచ్చినట్టున్నాయని ఎగతాళి చేశారు కూడా. అన్నీ ఉన్న సరుకు దొరకదు, ఉన్నంతలో పనికొచ్చేది కొందామంటే రూల్ ఒప్పుకోదు.

ఇంకో సంగతి. తప్పు సరుకు కొంటే సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ అడుగుతుంది, సీబీఐ అడుగుతుంది, పార్లమెంటు అడుగుతుంది. కొనకుండా కూర్చుంటే? ఎవరూ అడగరు. 1986లో స్వీడన్ కంపెనీ బోఫోర్స్ నుంచి 410 ఫిరంగులు కొన్నాం, ముడుపుల గొడవ అయింది, ఆ తర్వాత విదేశం నుంచి కొత్త 155 ఎంఎం ఫిరంగులకు ఒప్పందం కుదిరింది 2016 నవంబర్‌లో, అమెరికాతో, ఎం777 అనే తేలికపాటి ఫిరంగులు 145కి. ముప్పై ఏళ్లు! మధ్యలో కార్గిల్ యుద్ధం వస్తే, తిట్టుకున్న ఆ బోఫోర్సే కొండల మీద పని చేసింది. అప్పటి ఆర్మీ చీఫ్ వి.పి. మాలిక్ ఉన్నదాంతోనే పోరాడతాం అన్నారు. గొప్ప మాటే, కాదనను. కానీ ఒక చీఫ్ ఆ మాట అనాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

మరి మనకి త్వరగా కొనడం రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. 2020 జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్ దగ్గర చైనా సైన్యంతో ఘర్షణ జరిగింది, మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మందిని పోగొట్టుకున్నాం. జులై 15 కల్లా ఒక్కో కొనుగోలుకి 300 కోట్ల దాకా త్రివిధ దళాలే నిర్ణయం తీసుకోవచ్చని అధికారం ఇచ్చారు, ఆరు నెలల్లో ఆర్డర్, ఏడాదిలో డెలివరీ అని గడువు పెట్టారు. ఆపరేషన్ సిందూర్ తర్వాత, 2025 జూన్‌లో, అత్యవసర కొనుగోళ్ల కింద 13 ఒప్పందాలు, 1,981.90 కోట్లు అని రక్షణ శాఖే ప్రకటించింది. అవే ఆఫీసులు, అదే మంత్రిత్వ శాఖ. ఇల్లు అంటుకుంటే తప్ప బావి తవ్వం, అంతే తేడా.

అలాగని అన్నీ ఎమర్జెన్సీ కింద కొనేద్దామా అంటే అదీ కుదరదు. చైనా సరిహద్దులో సామాన్లు మోయడానికని 230 కోట్లతో 400 డ్రోన్లకి ఒప్పందాలు చేసుకున్నారు, తీరా వాటిలో చైనా విడిభాగాలు ఉన్నాయని తేలి 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. చైనా మీద వాడాల్సిన డ్రోన్‌లో చైనా పార్టు! పైగా హడావిడిగా తలా కొన్ని కొంటే ఒక్కో యూనిట్‌లో ఒక్కో మోడల్ ఉంటుంది, రెండేళ్ల తర్వాత స్పేర్ పార్టులు ఎవరిస్తారు?

యుక్రెయిన్ వాళ్లు వేరే దారి పట్టారు. అక్కడ యూనిట్లు దాడి వీడియో సాక్ష్యంగా పెడితే పాయింట్లు వస్తాయి, ఆ పాయింట్లతో బ్రేవ్1 అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో తమకు కావాల్సిన డ్రోన్లు తామే ఎంచుకుంటారు. ఇది మక్కీకి మక్కీ ఇక్కడ పెట్టమని కాదు, చంపితే పాయింట్లు అనే పద్ధతి నాకు నచ్చదు కూడా. కానీ వాడేవాడే ఎంచుకుంటున్నాడు చూశారా, అది పట్టుకోవాలి. డ్రోన్ సిగ్నల్‌ని అడ్డుకునే జామింగ్ పద్ధతిని శత్రువు మారిస్తే వాడే యూనిట్‌కి అదే రోజు తెలుస్తుంది, తయారీదారుకి మర్నాడు చెప్పగలుగుతుంది. మన దగ్గర ఆ కబురు ఎన్ని టేబుళ్లు దాటాలి? నన్నడిగితే డ్రోన్లు, నైట్ సైట్లు, రేడియోల్లాంటి చిన్న సామాన్లకి ఆర్మీ ప్రాంతీయ కమాండ్‌ల స్థాయిలోనే ఏటా కొంత బడ్జెట్ పెట్టాలి, గొడవ జరిగినా జరగకపోయినా. ముందు తక్కువ సంఖ్యలో కొని, వాడి చూసి, బాగుంటే మార్పులు చెప్పి మళ్లీ కొనాలి. విడిభాగాలు ఎక్కడివో తేల్చే పరీక్ష మాత్రం ఎంత తొందరైనా వదలకూడదు.

2025 మే నెలలో ఎయిర్ చీఫ్ ఎ.పి. సింగ్ ఒక్క ప్రాజెక్టు కూడా టైంకి పూర్తయినట్టు తనకి గుర్తులేదని బహిరంగంగానే అన్నారు. అదే ఏడాది నవంబర్ 1 నుంచి కొత్త డిఫెన్స్ ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్ అమల్లోకి వచ్చింది, కింది స్థాయి అధికారులకి నిర్ణయాధికారం కొంచెం పెరిగింది, మంచిదే. కాకపోతే అది స్పేర్లు, రిపేర్ల లాంటి రోజువారీ ఖర్చులకి. పెద్ద ఆయుధాలకి డీఏపీ, అంటే డిఫెన్స్ అక్విజిషన్ ప్రొసీజర్, అని వేరే పద్ధతి ఉంది. దాన్ని తిరగరాసినప్పుడల్లా నేను మొదట వెతికేది ఒక్కటే, ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు ఆగిందో ఏటా పార్లమెంటుకి చెప్పాలనే రూల్ అందులో ఉందా లేదా అని.