ముందు సరిహద్దు, తర్వాతే టికెట్

అందరికీ నమస్కారం. రైల్లో దేశాలు దాటాలనుకునేవాళ్లు మొదట అడిగేది టికెట్ ఎంత అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. సరిహద్దు ఏ స్టేషన్లో, ఏ వేళకి దాటుతామో ముందు తేల్చుకోవాలి. బడ్జెట్ తలకిందులయ్యేది అక్కడే. ఎక్కాల్సిన రైలు తప్పిపోతే ఆ రాత్రికి దొరికిన హోటల్, పొద్దున్నే ఇంకో టికెట్!

మలేషియా నుంచి బ్యాంకాక్ వెళ్లే దారినే తీసుకోండి. రెండు దేశాల సరిహద్దులోని పడాంగ్ బెసార్‌లో రైలు మారాలి. రెండు దేశాల ఇమిగ్రేషన్ కౌంటర్లూ ఆ ఒక్క స్టేషన్లోనే ఉంటాయి కాబట్టి తిరుగుడు లేదు. చిక్కల్లా గడియారంతోనే. థాయిలాండ్ టైమ్ గంట వెనక. థాయ్ రైలు టికెట్ మీద సాయంత్రం ఐదు అని ఉంటే, అది కదిలేసరికి మలేషియా గడియారంలో ఆరవుతుంది. ఇటు నుంచి వెళ్లేటప్పుడు పోనీలే, గంట కలిసొస్తుంది. అటు నుంచి వచ్చి మలేషియా రైలు అందుకోవాలంటే ఆ గంటే కొంప ముంచుతుంది. అందుకే మీరు రాసుకునే ప్రతి టైమ్ పక్కనా అది ఏ దేశపు టైమో రాసుకోండి. ఇక బ్యాంకాక్ వెళ్లే స్లీపర్లో పై బెర్త్ కింది దానికంటే చవక. ఇరుకే, కానీ హోటల్ ఖర్చు తప్పుతుంది కదా, ఒక్క రాత్రికి ఓర్చుకోవచ్చు.

అలాగని రాత్రి రైలంటే హాయిగా నిద్ర అనుకోకండి. ఇస్తాంబుల్ నుంచి బల్గేరియా రాజధాని సోఫియా వెళ్లే రైల్లో అర్ధరాత్రి దాటాక టర్కీ సరిహద్దు స్టేషన్ కపికులే దగ్గర అందర్నీ లేపి దింపుతారు. పాస్‌పోర్ట్ పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీద లైన్లో నిలబడాల్సిందే, చలికాలమైనా సరే. సోఫియాలో దిగగానే మరో రైలు పెట్టుకుంటే టెన్షన్ తప్పదు.

యూరప్‌లో పాస్ సంగతి, అంటే ఒకే పాస్ మీద చాలా దేశాల రైళ్లెక్కడం. అక్కడ నివసించేవాళ్లకి ఇంటర్‌రైల్, మిగతావాళ్లకి యూరైల్. పాస్ చేతిలో ఉన్నా ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు టీజీవీలో రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి, రాత్రి రైళ్లలో బెర్త్‌కీ అంతే. జర్మనీలో చాలా రైళ్లలో ఆ బాదుడు లేదు. రెండు మూడు ప్రయాణాలకే అయితే, ముందుగా కొనుక్కునే డిస్కౌంట్ టికెట్లే చాలాసార్లు నయం. కాకపోతే అవి ఆ రైలుకే చెల్లుతాయి. విడివిడిగా కొన్నప్పుడు మొదటి రైలు ఆలస్యమై రెండోది పోతే, ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

వీసా దగ్గర ఒక్క మాట. చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చేది) అయితే, హంగరీ నుంచి షెంగెన్‌లో లేని సెర్బియాలోకి వెళ్లాక ఆ వీసాతో తిరిగి రాలేరు. మ్యాప్‌లో మాత్రం సెర్బియా మీదుగా వెళ్లడం దగ్గర దారిగానే కనిపిస్తుంది!

ఇప్పుడు మీరనుకుంటున్న రూట్లు చెప్పండి. ఒక్కో సరిహద్దూ చూద్దాం.