పాత మినీకి డిస్క్ బ్రేకులు: ఏం మారుతుంది, ఏం మారదు

నమస్కారం అండి. ఇవాళ పాత మినీ బ్రేకుల గురించి మాట్లాడుకుందాం. ఇప్పటి బీఎండబ్ల్యూ మినీ కాదు, 1959లో బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ తెచ్చిన అసలు మినీ. మన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కూడా ఆ కంపెనీ బండే.

ఈ కారు కొన్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ముందు చక్రాల డ్రమ్ములు తీసేసి డిస్కులు వేస్తే బండి ఇంకా తొందరగా ఆగుతుందా అని. ఒక్కసారి ఆపడం వరకైతే పెద్ద తేడా ఉండదండి. వరసగా పదోసారి ఆపేటప్పుడు మాత్రం చాలా తేడా ఉంటుంది. ఎందుకో చెప్తాను. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె. లోపల షూలు అనే వంపు ముక్కలు, వాటి మీద లైనింగ్ అనే రాపిడి పొర ఉంటాయి. అవి బయటికి తెరుచుకుని డ్రమ్ముని పట్టి ఆపుతాయి. డిస్క్ అంటే చక్రంతో తిరిగే ఇనుప పళ్లెం. కాలిపర్ అనే పట్టకారులోని ప్యాడ్లు దాన్ని రెండు వైపుల నుంచి నొక్కుతాయి.

అలెక్ ఇసిగోనిస్ ఈ కారు గీసినప్పుడు పొడవు 10 అడుగులు మించకూడదు, అందులోనే నలుగురు కూర్చోవాలి. చక్రం పెద్దదైతే లోపల చోటు పోతుంది. అందుకని డన్‌లప్ వాళ్ల చేత ప్రత్యేకంగా 10 అంగుళాల టైర్లు చేయించారు. ఆ చక్రం లోపల పట్టింది 7 అంగుళాల డ్రమ్ము. డ్రమ్ము చిన్నదైతే వేడిని తీసుకునే ఇనుము కూడా తక్కువే. మొదటి బండి 848 సీసీ, 34 హార్స్‌పవర్. ఆ రోజుల రోడ్లకి ఆ బ్రేకు సరిపోయింది. ఇప్పుడు చుట్టూ ఏబీఎస్ ఉన్న బళ్లు. ముందు కారు సడన్‌గా ఆగితే మీరూ ఆగాలి, రెండు నిమిషాల్లో మళ్లీ ఆగాలి.

డ్రమ్ములో ఒక మంచి గుణం ఉంది. రెండు షూల్లో ముందుది డ్రమ్ముని తాకగానే తిరిగే డ్రమ్మే దాన్ని ఇంకా గట్టిగా తన వైపు లాక్కుంటుంది, తలుపు కింద దోపిన చెక్కముక్క తోసేకొద్దీ బిగుసుకున్నట్టు. అందుకే తక్కువ కాలి బలంతోనే బాగా పట్టేస్తుంది. 1964 నుంచి మినీ ముందు చక్రాల్లో రెండు షూలూ ఇలా పట్టేలా మార్చారు. అయితే రివర్స్‌లో ఇదే తిరగబడుతుంది. ఎత్తు మీద వెనక్కి వస్తున్నప్పుడు ముందు బ్రేకు బాగా బలహీనంగా ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక చెడు గుణం. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచిస్తుంది, అంటే షూ నుంచి దూరం జరుగుతుంది. పెడల్ కిందికి దిగుతుంది. లైనింగ్ పట్టు కూడా తగ్గిపోతుంది. వేల్స్ కొండ రోడ్ల మీద దిగుతూ నాలుగు మలుపులు వరసగా బ్రేకు వేస్తే కాలికే తెలిసిపోతుంది. డిస్క్ వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్ల వైపే వస్తుంది, గాలికి బయటే ఉంటుంది, పడ్డ నీళ్లని విసిరేస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. అంతేగాని బండిని ఆపేది చివరికి టైరే కదా. డ్రమ్ము చక్రాన్ని లాక్ చెయ్యగలిగితే, అంటే తిరగకుండా పట్టేయగలిగితే, డిస్క్ అంతకంటే చేసేదేం లేదు. మీ టైర్లు పదేళ్ల నాటివైతే ముందు టైర్లు మార్చండి, తర్వాతే డిస్కుల సంగతి.

డిస్కులు కొనేముందు ఉన్న డ్రమ్ములు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. డ్రమ్ముని వెనక నుంచి మూసే రేకు బ్యాక్ ప్లేట్. దాని వెనక చదరపు తల ఉన్న చిన్న అడ్జస్టర్ ఉంటుంది, షూని డ్రమ్ముకి దగ్గర చేసేది అదే. 1964 తర్వాతి బళ్లలో ముందు ఒక్కో చక్రానికి రెండు ఉంటాయి. మామూలు స్పానర్ పెట్టి తిప్పితే మూలలు అరిగిపోయి గుండ్రంగా అయిపోతుంది, ఇక కదలదు. దీనికంటూ అమ్మే బ్రేక్ స్పానర్ ఉంది, అదే వాడండి. ముందురోజు రాత్రి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి, లోపల లైనింగ్ మీద మాత్రం పడకూడదు. చక్రం తిరగనంత వరకు బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి వదలండి. ఎడమా కుడీ ఒకేలా ఉండాలి, లేదంటే బండి ఒక పక్కకి లాగుతుంది. "మినీకి బ్రేకుల్లేవు" అనే మాటలో సగం ఈ అడ్జస్ట్‌మెంట్ చెయ్యకపోవడం వల్ల వచ్చిందేనని నా నమ్మకం. ఇంకో మాట, లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

సరే, డిస్కులే వేద్దాం అనుకున్నారు. కంపెనీ ఏం చేసిందో చూస్తే దారి దొరుకుతుంది. 1961లో మినీ కూపర్ వచ్చింది, 997 సీసీ, 55 హార్స్‌పవర్. దానికి 7 అంగుళాల చిన్న డిస్కులు పెట్టారు, అవి చాల్లేదు. 1963లో కూపర్ ఎస్‌కి 7.5 అంగుళాల డిస్కులు, పైగా కాలి బలాన్ని పెంచే బూస్టర్. మాంటెకార్లో ర్యాలీని 1964, 1965, 1967లో గెలిచింది ఈ కూపర్ ఎస్ బళ్లే. ఆ తర్వాత 1984లో మామూలు మినీలన్నిటికీ 12 అంగుళాల చక్రాలు, 8.4 అంగుళాల డిస్కులు వచ్చేశాయి.

కాబట్టి మీకున్నవి రెండు దారులు. 10 అంగుళాల చక్రాలే ఉంచాలంటే కూపర్ ఎస్ తరహా 7.5 అంగుళాలవి వెయ్యాలి. బండి రూపు మారదు, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. రెండోది, 1984 తర్వాతి మినీ నుంచి 8.4 అంగుళాల సెట్ తెచ్చుకోవడం. సామాను సులభంగా దొరుకుతుంది, కానీ 10 అంగుళాల చక్రంలో అది పట్టదు, చక్రాలూ మార్చాలి. 145/80 సైజు 10 అంగుళాల టైరు వ్యాసం సుమారు 486 మిల్లీమీటర్లు, 145/70 సైజు 12 అంగుళాల టైరుది 508. అంటే స్పీడోమీటర్ ముందు చూపించినదాని కంటే సుమారు 4 శాతం తక్కువ చూపిస్తుంది. వాడుకునే బండి అయితే నా ఓటు రెండో దానికే. 60ల నాటి మంచి బండి అయితే ఖర్చు పెట్టి 7.5 వెయ్యండి. ఆ చిన్న చక్రాల అందం వేరండి.

చాలామంది కాలిపర్, డిస్క్ కొనేసి పని అయిపోయిందనుకుంటారు. ఇంజిన్ శక్తిని ముందు చక్రానికి చేర్చే కీలు సీవీ జాయింట్. డ్రమ్ము బండిది, డిస్క్ బండిది ఒకటి కావు. చక్రం బిగించే డ్రైవ్ ఫ్లాంజ్ కూడా వేరే. హబ్ (చక్రం మధ్య భాగం), బేరింగులు, సీవీ జాయింట్‌తో సహా మొత్తం అసెంబ్లీ తెచ్చుకుంటే తలనొప్పి తప్పుతుంది. హబ్ నట్‌ని బండి నేల మీద ఉండగానే వదులు చేసుకోండి. తిరిగి బిగించేటప్పుడు డ్రమ్ము బండి టార్క్ కాకుండా, తెచ్చిన సెట్‌కి మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ పెట్టి, నట్ ఊడకుండా కొత్త స్ప్లిట్ పిన్ వెయ్యండి.

వెనక చక్రాల జోలికి పోకండి. 2000లో మినీ ఆగిపోయేదాకా కంపెనీ వెనక డ్రమ్ములే ఉంచింది. హ్యాండ్ బ్రేక్ అక్కడే ఉంది. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందుకి వచ్చేస్తుంది కాబట్టి వెనక ప్రెజర్ తగ్గించడానికి, వెనక చక్రాలని మోసే సబ్‌ఫ్రేమ్ దగ్గర ఒక వాల్వ్ పెట్టారు. దాన్ని తీసేసినా, వెనక షూలని తోసే వీల్ సిలిండర్లు పెద్దవి వేసినా, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి.

డిస్కుకి ఆ లాక్కునే గుణం లేదు కాబట్టి పెడల్ గట్టిగా అనిపిస్తుంది. అది లోపం కాదు. కష్టంగా ఉంటే బూస్టర్ పెట్టించుకోండి. పాత బళ్లలో బ్రేక్ లైన్ ఒకటే సర్క్యూట్. ఒక్క హోస్ పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ఎలాగూ పైపులు విప్పుతున్నారు కాబట్టి డబుల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) వేసుకోండి. నన్నడిగితే డిస్కుల కంటే ఇదే ముఖ్యం.

ఇక బ్రేక్ పైపుల్లో చిక్కిన గాలి తీయడం. కాలిపర్ మీద గాలి బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ పైకి ఉండాలి. ఎడమది కుడికి వేస్తే నిపుల్ కిందికి వస్తుంది, అప్పుడు గాలి పైనే ఉండిపోయి ఎంతసేపు పంప్ చేసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోయండి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 155కి పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చండి. పెయింట్ మీద పడితే ఊడగొట్టేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

మొదట కొంత దూరం ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ల వేగం నుంచి మెల్లగా బ్రేకు వేస్తూ, మధ్యమధ్యలో చల్లారనిస్తూ ప్యాడ్లని కుదురుకోనివ్వండి. ఇంటికి వచ్చాక ప్రతి జాయింటూ గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూడండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ మార్పు రాసి పంపండి. తీసిన డ్రమ్ములు, హబ్‌లు గ్రీజు రాసి అటక మీద దాచండి. రేపు కొనేవాళ్లు అసలు సామాను ఉందా అనే అడుగుతారు.