సింకు కింద సీసాలు

(విశాఖపట్నంలో ఒక కాలనీ వాళ్ల కార్తీక వనభోజనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. కాలనీ సంఘం అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, తెల్లవారకముందే లేచి పులిహోర కలిపిన అక్కచెల్లెళ్లకు, అడగ్గానే తోట ఇచ్చిన ఆనందపురం రైతు దంపతులకు, మనందరినీ భద్రంగా ఇక్కడికి చేర్చిన డ్రైవరు బాబుకి, ఎండ పొడ పడుతున్నా కదలకుండా కూర్చున్న పెద్దలకు, పిల్లలకు పేరు పేరునా నమస్కారాలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించండి.

నాకు ఇచ్చిన అంశం “వంటింటి వైద్యం, రసాయనాలు లేని ఇల్లు”. నేను పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. జీవితమంతా ఇంగ్లీషు మందుల మధ్యే గడిపినా, వంటింట్లో మందు ఉందా అంటే ఉందనే చెబుతాను. గొంతు నొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలించడం మంచిదే. కడుపులో తిప్పితే అల్లం పనిచేస్తుంది. ఏడాది దాటిన పిల్లలకి రాత్రి దగ్గు ఆగకపోతే పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇస్తే నిద్రపడుతుంది. ఇక విరేచనాలకి ఉప్పూ పంచదార కలిపిన నీళ్లను మించిన ఇంటి మందు నాకు తెలియదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టి కొలవాలి, గుట్టగా కాదు. “ఇంకొంచెం ఉప్పు వేస్తే బలం” అని ఎవరన్నా వినకండి. ఉప్పు ఎక్కువైతే పసివాడికి ప్రమాదం. షాపులో ఓఆర్ఎస్ పొట్లం దొరికితే అదే వాడండి, దాని మీద రాసినన్ని నీళ్లే కలపండి.

ఇక్కడ ఒక పెద్దాయన్ని తలచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. ఆయనకి స్ప్రూ జబ్బు చేసింది, తిన్నది ఒంటికి పట్టక మనిషి శుష్కించిపోతాడు. అదే జబ్బుతో అన్నదమ్ములు పోయారు. అప్పుడు ఆయన్ని నిలబెట్టింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం. ఆ తర్వాత సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు, అమెరికా వెళ్లారు. నయమైంది కదా అని దండం పెట్టి ఊరుకోలేదు. ఏ పదార్థంలో ఏ గుణం ఉంది, ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని తవ్వుకుంటూ పోయారు. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి ఆయనే పెద్ద. ఈ రోజు ప్రతి గర్భిణీ స్త్రీ మింగే మాత్ర అది. మన ఉత్తరాంధ్రలో బోదకాలుకి ఊరూరా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం కనిపెట్టిందే. మన ఇళ్లలో వైద్యం చేసే అమ్మమ్మలకీ, ఫోన్లలో చిట్కాలు పంపే చెల్లెళ్లకీ నేను చెప్పేది ఇంతే. ఎంత, ఎవరికి అనే రెండు ప్రశ్నలు వేయకుండా ఏదీ ఇవ్వకండి. చెట్టుది కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. గన్నేరు కూడా చెట్టే.

కోవిడ్ రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. కొందరిలో దానివల్ల కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ తగువు తేల్చడం నా పని కాదు. కళ్లు పచ్చబడ్డాక కూడా కషాయం ఆపని మనుషుల్ని చూశాను కాబట్టి చెబుతున్నాను. కళ్లు పచ్చబడితే ముందు కషాయం ఆపండి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పసిపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకండి, పుట్టగానే నాలుక మీద చుక్క కూడా వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పెద్దవాళ్ల కడుపులో ఏమీ చేయలేదు గాని, పసికందు పేగుల్లో విషం పుట్టించి ఒళ్లంతా సత్తువ లేకుండా చేస్తుంది. స్నానం చేయించి ముక్కులో నూనె చుక్కలు వేయకండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. నాఫ్తలీన్ గోళీలు వేసి దాచిన బట్టలు, దుప్పట్లు తీసి అలాగే బిడ్డకి చుట్టకండి. కొందరు పిల్లల రక్తంలో జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో అది మిగతా చోట్ల కన్నా ఎక్కువ కనిపిస్తుంది. అలాంటి బిడ్డకి ఆ గోళీల వాసన తగిలితే రక్తకణాలు చితికిపోయి కామెర్లు వస్తాయి. బిడ్డ బట్టల దగ్గరికి ఎండు వేపాకు చాలు.

ఇది కార్తీక మాసం కాబట్టి కర్పూరం మాట కూడా చెప్పాలి. హారతి కర్పూరం బిళ్ల మిఠాయిలా తెల్లగా ఉంటుంది. చిన్నపిల్లాడు ఒక బిళ్ల మింగితే చాలు, కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు. దేవుడి పళ్లెం కింద పెట్టి ప్రదక్షిణాలకి వెళ్లిపోకండి. జలుబు చేసిందని కర్పూరం కరిగించిన కొబ్బరినూనె రెండేళ్లలోపు పిల్లల ఛాతీకి, ముక్కుకి రాయకండి. ఇక్కడ కూర్చున్న నాయనమ్మలకి ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు. అమ్మా, మీ ప్రేమని నేను తప్పు పట్టడం లేదు, ఆ డబ్బా మాత్రం పై అరలో పెట్టండి.

ఇక పొగ. మన ఊళ్లో దుమ్ము గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. జ్ఞానాపురం, మల్కాపురం, పాత పట్నం వైపు చుట్టాలున్నవాళ్లకి తెలుసు, పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి కాళ్లు నల్లబడతాయి. పోర్టు బొగ్గు మీద అర్జీలు పెడుతూనే ఉన్నారు, పెట్టాలి కూడా. అయితే బయటి పొగని తిట్టి, తలుపులన్నీ మూసి లోపల దోమల చుట్ట, అదే కాయిల్, వెలిగిస్తున్నాం. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. ఉబ్బసం ఉన్న పిల్లాడి మంచం కింద అది వెలుగుతుంటే మీరు ఎన్ని తులసి కషాయాలు పోసినా ఏం లాభం? దోమతెర కట్టండి, కిటికీలకి జాలీ వేయించండి, డ్రమ్ముల్లో, కూలర్లలో నీళ్లు వారానికోసారి పారబోయండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, రాత్రి చుట్ట దాన్ని ఏమీ చేయదు. బిడ్డ తలారడానికి సాంబ్రాణి పొగ వేస్తారు, అది కూడా పొగే. మెత్తటి తువ్వాలు చాలు. ఇల్లు పొడిగా ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టండి.

పసుపు గురించి చెప్పమన్నారు వెనక వరసలో వాళ్లు. పొడి కళ్లు చెదిరే పచ్చగా ఉంటే నమ్మకండి, రంగు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్ పూసే మోసం ఉంది. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. పాడేరు కొమ్ములు తెచ్చుకుని కడిగి, ఎండబెట్టి, ఎదురుగా నిలబడి మర పట్టించుకోండి. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కుంకుడుకాయలు, శీకాకాయ కూడా దొరుకుతాయి. తలకే కాదు, కుంకుడు రసంతో గచ్చు కడగొచ్చు, గిన్నెలు తోమొచ్చు, ఇత్తడికి చింతపండు ఉండనే ఉంది. దీని గురించి చాలా రాసుకొచ్చాను గాని, ఈ కాగితం పక్కన పెడుతున్నాను. అసలు నేను ఇవాళ ఈ మైకు తీసుకుంది వేరే మాట కోసం.

మీ సింకు కింద ఏముంది?

ఒక్కసారి కళ్లు మూసుకుని గుర్తుచేసుకోండి. ఒక పాత నీళ్ల సీసాలో ఫినాయిల్. ఒక కూల్ డ్రింక్ సీసాలో యాసిడ్. బండి మీద అమ్ముకుంటూ వస్తే, ఇంట్లోంచి ఖాళీ సీసా తెచ్చి పట్టించుకున్నాం. సీసా మీద నారింజ పండు బొమ్మ అలాగే ఉంటుంది. లోపల ద్రవం లేత పసుపుగా, నిమ్మరసం నీళ్లలా ఉంటుంది. మూత అదే, రంగు అదే. మూడేళ్ల పిల్లాడికి ఆ సీసా ఏమని చెబుతుంది? తాగమని చెబుతుంది.

నా వార్డుకి ఒక పిల్లాడొచ్చాడు. వాళ్ల నాన్న మంచి ఉద్యోగస్థుడు, తల్లి డిగ్రీ చదివింది, అపార్ట్‌మెంట్లో ఉంటారు. పండగ ముందు ఇల్లు కడుగుతున్నారు. ఆ అమ్మాయి బాత్రూమ్ గడప దగ్గర సీసా పెట్టి ఫోన్ తీయడానికి లోపలికి వెళ్లింది. వెళ్లొచ్చేంతలో గుక్క తాగేశాడు. నా చేతిలోకి తీసుకున్నప్పుడు వాడి పెదాలు తెల్లగా ఉడికిపోయి ఉన్నాయి, నోట్లోంచి చొంగ ఆగడం లేదు, మింగలేడు. గొంతు లేవక ఏడవనూ లేడు, నోరు తెరిచి నా కాలరు పట్టుకున్నాడు. బతికాడు. కానీ అన్నవాహిక కాలి, మానేటప్పుడు బిగుసుకుపోయింది. దాన్ని వెడల్పు చేయడానికి మళ్లీ మళ్లీ మత్తుమందు ఇచ్చి గొట్టం దింపేవాళ్లు. తోటి పిల్లలు ఇడ్లీ తింటుంటే వాడు పాలగిన్నె పట్టుకుని చూసేవాడు. ఏళ్లు గడిచినా ఆ తల్లి నన్ను చూస్తే ఒకటే మాట: “సిస్టర్ గారూ, సీసా మీద యాసిడ్ అని రాసున్నా బాగుండేది, నేనైనా జాగ్రత్తగా పై అరలో పెట్టేదాన్ని.”

అంతకుముందు భీమిలి వైపు నుంచి ఒక మత్స్యకారుల బిడ్డ వచ్చాడు, కిరోసిన్ తాగి. తల్లి, “నీళ్లనుకుని తాగీసినాడమ్మా” అంటూ గుండెలు బాదుకుంటోంది. బామ్మ ఉప్పునీళ్లు పట్టించి కక్కించింది. కక్కినప్పుడు కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి జారి, వచ్చేసరికి పక్కటెముకలు ఎగిరిపడుతున్నాయి. అక్కడ ప్రాణం మీదికి తెచ్చింది ఆ ఇంటి వైద్యమే. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. కిరోసిన్, యాసిడ్, ఫినాయిల్ ఏది తాగినా కక్కించకూడదు. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, చింతపండు పులుసు, నిమ్మరసం ఏవీ పోయకూడదు. నోరు కడిగి, సీసా చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విష సమాచార కేంద్రం ఉంది, నంబరు 1800 116 117, డబ్బులు పడవు. పిల్లలూ, మీ ఫోన్లు తీసి ఇప్పుడే ఎక్కించుకోండి. నేను ఆగుతాను.

2020 మే 7 తెల్లవారుజామున మన ఊళ్లోనే ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకై, పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలోంచి లేచి పరుగెత్తారు, దారిలోనే పడిపోయారు. ఆ గాలిలో ఏముందో ఆ క్షణాన వాళ్లకి తెలియదు. స్టైరిన్ అన్న పేరు మనలో చాలామంది ఆ రోజే మొదటిసారి విన్నాం. ఊరి పక్కన ఏ ట్యాంకులో ఏముందో చెప్పమని అడిగే హక్కు మనకుంది, అడుగుదాం. అలా అడిగే మనం మన ఇంట్లో పేరు లేని సీసా ఎందుకు ఉంచుకుంటున్నాం? ఆ పేరు లేని సీసాలే రెండు కలిపి బాత్రూమ్ కడుగుతాం. బ్లీచింగ్ పౌడరు మీద యాసిడ్ పోస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపు మూసి ఉన్న బాత్రూమ్‌లో అది ఊపిరి ఆపేస్తుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఈ మాట చెప్పారా? ఆమె ఊపిరీ ఊపిరే కదా, చెప్పండి.

దుకాణంలో యాసిడ్ అమ్మాలంటే కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూడాలని, పేరు, చిరునామా రాసుకోవాలని, 18 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదని 2013 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. మన వీధిలో ఆరో తరగతి పిల్లాడి చేతికి డబ్బులిచ్చి పంపిస్తున్నాం, వాళ్లు ఇస్తున్నారు. ఆ బండి అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనూ బతకాలి. కంపెనీ సీసాలో, మూత బిగించి, పేరు రాసి ఉన్నదే అమ్మమని మనం అడగాలి. మనం ఖాళీ సీసా పట్టుకెళ్లడం మానాలి.

గంట కొడుతున్నారు కార్యదర్శి గారు, ఒక్క నిమిషం. జుట్టు నూనెల గురించి, వేప పళ్లపొడి గురించి అడగాలనుకున్నవాళ్లు తర్వాత నా దగ్గరికి రండి, ఓపిగ్గా చెబుతాను. ఇప్పుడు నాకు కావలసింది మనుషులు. వచ్చే ఆదివారం పొద్దున్నే మన రోడ్డు చివరి దుకాణానికీ, ఆ బండి అబ్బాయి దగ్గరికీ వెళ్లి మాట్లాడదాం. ఆ తర్వాత ఒప్పుకున్నవాళ్ల ఇళ్లకి వెళ్లి సింకు కింద ఉన్నవన్నీ బయటికి తీసి, పేర్లు రాసి పై అరకి ఎక్కిద్దాం. తినే, తాగే వాటి సీసాల్లో పోసినవి ఉంటే పక్కన పెట్టిద్దాం. నాతో వచ్చేవాళ్లు చేతులెత్తండి. మగవాళ్లు కూడా ఎత్తండి, బాత్రూమ్ మీరూ వాడుతున్నారు. సరే, భోజనాలయ్యాక పేర్లు రాసుకుంటాను. ముందు పిల్లల్ని పంక్తిలో కూర్చోబెట్టండమ్మా, వాళ్లకి ఆకలేస్తోంది. నమస్కారం.