జ్యూరీకి అర్థం కానిదేమిటి?

సభాధ్యక్షులకు, న్యాయవాద మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

2003 జూన్‌లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో ఒక మోసం కేసు విచారణ మొదలైంది. భూగర్భ రైలుకు సంబంధించిన జూబిలీ లైన్ పొడిగింపు పనుల కాంట్రాక్టుల్లో అవినీతి జరిగిందన్నది అభియోగం. జబ్బులు, వాయిదాలు, న్యాయవాదుల మధ్య ఎడతెగని వాదాలు దాటుకుంటూ విచారణ 21 నెలలు నడిచింది. చివరకు 2005 మార్చిలో ప్రాసిక్యూషన్ చేతులెత్తేసింది. తీర్పు చెప్పవలసిన మామూలు పౌరుల బృందం, అంటే జ్యూరీ, చర్చకు కూర్చోకముందే సుమారు 6 కోట్ల పౌండ్ల ప్రజాధనం ఖర్చయిపోయింది. ఇంతటి లెక్కల చిక్కుముడి మామూలు మనుషులకు ఎక్కడ అర్థమవుతుంది, ఇలాంటి కేసులు జడ్జి ఒక్కరే వినాలి అన్న మాట మళ్లీ బలంగా వినిపించింది. ఆ మాట కొత్తది కాదు. రోస్కిల్ కమిటీ 1986లోనే క్లిష్టమైన మోసం కేసుల నుంచి జ్యూరీని తప్పించమని సిఫారసు చేసింది. 2003 నాటి చట్టంలో అందుకు వీలు కల్పించే సెక్షన్ కూడా చేరింది, కానీ అది ఒక్కరోజైనా అమలులోకి రాకుండానే 2012లో రద్దయింది.

జ్యూరీ గదిలో ఎవరు ఏమన్నారో బయటివారు అడగడాన్ని ఇంగ్లండులో 1981 నాటి కోర్టు ధిక్కార చట్టం నిషేధించింది. అయితే ఈ జ్యూరర్లు అసలు ఆ గదిలో తీర్పు చర్చకే వెళ్లలేదు గనుక వారితో మాట్లాడటానికి అడ్డు లేకపోయింది. శాలీ లాయిడ్ బోస్టాక్ అనే పరిశోధకురాలు వారిని కలిసి కేసు గురించి వివరంగా అడిగారు. పత్రికలు ఊహించినదానికి భిన్నంగా, కేసులో ఎవరు ఎవరికి ఏమి ఇచ్చారన్న ఆరోపణ, ఏ సాక్ష్యం దేనికి సంబంధించినది అన్న సంగతులు వారికి బాగానే తెలుసు. ఒకరికి అర్థం కానిది మరొకరు విరామ సమయంలో విడమరచి చెప్పుకున్నారు. వారి ఫిర్యాదంతా వేరే విషయం మీద: పనిలేక గడిపిన రోజులు, కారణం చెప్పకుండా బయటికి పంపేయడం, తమ ఉద్యోగాలు ఏమవుతాయో తెలియకపోవడం.

ఈ సందర్భాన్ని ముందుగా ఎందుకు చెప్పానంటే, క్లిష్టమైన కేసుల్లో జ్యూరీ తడబడుతుందా అన్న ప్రశ్నకు గత 70 ఏళ్ల పరిశోధన ఇచ్చిన సమాధానం మనం అనుకునే చోట లేదు. జ్యూరర్లకు వాస్తవాలు అర్థమవుతాయి, వారికి అర్థం కానిది చట్టం చెప్పే భాష. ఈ మాటను రుజువులతో చెప్పడమే ఈ ఉపన్యాసం పని.

షికాగో విశ్వవిద్యాలయంలో హ్యారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ 1950లలో ఒక పెద్ద పరిశోధనకు పూనుకున్నారు. 1954లో ఆ బృందం కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో జడ్జిల అనుమతితో, జ్యూరర్లకు తెలియకుండా, కొన్ని జ్యూరీ చర్చలను రికార్డు చేసింది. మరుసటి ఏడాది ఆ సంగతి బయటపడేసరికి దుమారం రేగింది. 1956లో ఫెడరల్ జ్యూరీల చర్చలను రికార్డు చేయడాన్నే అమెరికా కాంగ్రెస్ నేరంగా మార్చింది. (అంత గొడవకు కారణమైనవి కొద్దిపాటి టేపులే అంటే నవ్వు రాకమానదు.) దాంతో వారు మరో దారి పట్టారు. 3,576 క్రిమినల్ విచారణల్లో, జ్యూరీ లేకుంటే మీరు ఏ తీర్పు ఇచ్చేవారు అని జడ్జిలనే అడిగారు. 78 శాతం కేసుల్లో జడ్జి అభిప్రాయం, జ్యూరీ తీర్పు కలిశాయి. తేడా వచ్చిన చోట జ్యూరీయే ఎక్కువగా దయ చూపింది: 19 శాతం కేసుల్లో జడ్జి శిక్షించాలనుకున్నవారిని జ్యూరీ వదిలింది, 3 శాతం కేసుల్లో దానికి తలకిందులుగా జరిగింది. మన ప్రశ్నకు కావలసింది దీని తర్వాతి సంగతి. సాక్ష్యం సులభంగా ఉన్న కేసుల్లో కంటే కష్టంగా ఉన్న కేసుల్లో ఈ తేడా పెరగలేదు. జ్యూరీకి కేసు బోధపడకపోవడమే తేడాకు కారణమైతే, కష్టమైన కేసుల్లో అది పెరిగి ఉండాలి కదా.

మరి వందలాది కాగితాల్లో, రోజుల తరబడి సాగే వాంగ్మూలాల్లో జ్యూరర్ దేనిని పట్టుకుని నడుస్తాడు? నాన్సీ పెనింగ్టన్, రీడ్ హేస్టీ 1980లలో దీనికి మంచి సమాధానం ఇచ్చారు. వారు వాడిన కేసు చాలా చిన్నది. బారులో ఇద్దరికి మాటామాటా పెరిగింది. కాల్డ్‌వెల్ అనేవాడు మంగలికత్తితో జాన్సన్‌ను బెదిరించాడు. ఆ రాత్రి మళ్లీ ఎదురుపడి బయటికి వెళ్లారు, పెనుగులాటలో చేపలు కోసే కత్తి దిగి కాల్డ్‌వెల్ చనిపోయాడు. ఇది పథకం వేసి చేసిన హత్యా, ఆత్మరక్షణా? విచారణ వీడియో చూసిన జ్యూరర్లను ఎలా ఆలోచించారో బయటికి చెప్పమన్నప్పుడు, ఎవరూ ఈ సాక్ష్యానికి ఇన్ని మార్కులు, ఆ సాక్ష్యానికి అన్ని అని తూకం వేయలేదు. అందరూ కథ చెప్పారు. హత్య అన్నవారి కథలో జాన్సన్ కోపంతో రగిలిపోతూ ఇంటికెళ్లి కత్తి తెచ్చుకున్నాడు. ఆత్మరక్షణ అన్నవారి కథలో ఆ కత్తి అతని జేబులో ఎప్పుడూ ఉండేదే. వారు చెప్పిన సంఘటనల్లో దాదాపు 45 శాతం ఏ సాక్షీ చెప్పనివి, వారు తామే పూరించుకున్నవి: ఎవరి మనసులో ఏముంది, ఎవరు ఏమి చేయాలనుకున్నారు వంటివి.

కథలు చెప్పకు అంటే మన భాషలో అబద్ధాలాడకు అని అర్థం. ఇక్కడ మాత్రం కథ అంటే విడివిడి ముక్కలను కారణం, కార్యం అన్న దారంతో గుచ్చడం. ఆ దారం కోర్టులో సులభంగా దొరకదు, ఎందుకంటే సాక్షులు తమకు వీలైన రోజున, తమకు తెలిసిన ముక్కను చెప్పి వెళ్లిపోతారు. పెనింగ్టన్, హేస్టీ 1988లో ప్రచురించిన ప్రయోగంలో సాక్ష్యాన్ని మార్చలేదు, వరుసను మాత్రమే మార్చారు. ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని జరిగిన క్రమంలోనూ, డిఫెన్స్ సాక్ష్యాన్ని సాక్షుల క్రమంలోనూ వినిపించినప్పుడు 78 శాతం మంది ముద్దాయి దోషి అన్నారు. ఈ వరుసను తారుమారు చేసినప్పుడు అదే సాక్ష్యం విన్నవారిలో 31 శాతమే దోషి అన్నారు. ట్రయల్ న్యాయవాదులు ఇవాళ ఇంటికి ఒకే ఒక్క సంగతి తీసుకువెళ్లదలిస్తే, ఈ రెండు అంకెలు తీసుకువెళ్లమంటాను.

ఇవి ప్రయోగశాల జ్యూరీలు, వీరి నిర్ణయంతో ఎవరూ జైలుకు వెళ్లరు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో షారీ డైమండ్ బృందం కోర్టు అనుమతితో 50 సివిల్ కేసుల అసలు జ్యూరీ చర్చలనే చిత్రీకరించింది. అక్కడ జ్యూరర్లు సాక్ష్యాన్ని తమలో తాము విచారణ మధ్యలోనే చర్చించుకోవడానికి 1995 నుంచి అనుమతి ఉంది.

అమెరికాలో ఉండే మా మేనల్లుడు ఒక వైద్య నిర్లక్ష్యం దావాలో జ్యూరర్‌గా కూర్చున్నాడు. ఇరువైపులా నలుగురు డాక్టర్లు నిపుణ సాక్షులుగా వచ్చారు. అక్కడ కాగితం, పెన్ను ఇవ్వలేదు. తీర్పు ఇచ్చి బయటపడ్డాక ఫోన్ చేసి, “మామయ్యా, మూడో రోజుకు ఏ డాక్టరు ఏమన్నాడో కలగాపులగమైపోయింది, గదిలోకి వెళ్లాక మా ఆరుగురం కలిసి గుర్తుచేసుకుంటేనే వరుస దొరికింది” అన్నాడు. అతను చెప్పినదే హేస్టీ, పెన్రాడ్, పెనింగ్టన్ 1983లో కొలిచారు. ఒక్కో జ్యూరర్‌కు సగటున 60 శాతం సాక్ష్యమే గుర్తుంటుంది, జ్యూరీ మొత్తానికి కలిపి చూస్తే అది 90 శాతం. అదే జడ్జి చెప్పిన చట్ట సూచనలలో, అంటే కేసుకు చట్టాన్ని ఎలా వర్తింపజేయాలో చెప్పే మాటలలో, ఒక్కో జ్యూరర్‌కు గుర్తున్నది 30 శాతం కంటే తక్కువ.

ఇక్కడే అసలు లోపం ఉంది. ఫీబీ ఎల్స్‌వర్త్ జ్యూరీ చర్చలను పరిశీలించి, వాస్తవాల విషయంలో పొరపాటు పడినవారిని మిగతావారు సరిదిద్దుతారనీ, చట్టం విషయంలో మాత్రం సరైన మాట తప్పును గెలుస్తుందన్న భరోసా లేదనీ గమనించారు. గట్టిగా మాట్లాడినవాడి మాటే చట్టమైపోతుంది. ఇంగ్లండులో షెరిల్ థామస్ 2010లో వెలువరించిన పరిశోధనలో, జడ్జి నోటితో చెప్పిన సూచనలను చట్టం ఉద్దేశించిన అర్థంలో పూర్తిగా గ్రహించినవారు 31 శాతం. అవే సూచనల సారాంశాన్ని ఒక కాగితం మీద రాసి చేతికిస్తే అది 48 శాతానికి పెరిగింది. ఒక్క కాగితంతో అంత మార్పు వచ్చిందని సంతోషించవచ్చు, కాగితం ఇచ్చాక కూడా సగానికి పైగా మందికి అందలేదని దిగులూ పడవచ్చు. నాకు రెండోదే ఎక్కువ తోస్తుంది.

సూచన అర్థమైనా అది పనిచేయని సందర్భం ఒకటుంది. షికాగో బృందమే ఒక ప్రమాద పరిహారం కేసును మూడు రకాలుగా వినిపించింది. ప్రతివాదికి బీమా లేదని విన్న జ్యూరీలు సగటున 33,000 డాలర్లు ఇప్పించాయి. బీమా ఉందని విన్నవి 37,000 ఇప్పించాయి. బీమా ఉందని విన్న వెంటనే జడ్జి కల్పించుకుని దానిని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పినప్పుడు, ఆ సొమ్ము 46,000కు పెరిగింది. మరిచిపొమ్మని చెప్పిన మాటే ఎక్కువగా గుర్తుండిపోయింది.

మన దేశంలో జ్యూరీ అనగానే 1959 నాటి నానావతి కేసు గుర్తుకొస్తుంది. నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రేమికుడు అహూజాను కాల్చి చంపాడన్నది అభియోగం. తొమ్మిది మందిలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, సెషన్స్ జడ్జి ఒప్పుకోక కేసును బొంబాయి హైకోర్టుకు పంపారు. అందులోనూ రెండు కథలే పోటీపడ్డాయి. పెనుగులాటలో తుపాకీ పేలిందన్నది డిఫెన్స్ కథ. అబద్ధపు కారణం చెప్పి ఓడలో రివాల్వర్ తీసుకుని వెళ్లి కాల్చాడన్నది ప్రాసిక్యూషన్ కథ, అంత పెనుగులాట జరిగితే స్నానం చేసి వచ్చిన అహూజా నడుముకున్న తువ్వాలు ఊడిపోకుండా ఎలా ఉందన్నది వారి ప్రశ్న. భావోద్వేగాలకు లొంగిన జ్యూరీ అని ఇప్పటికీ చెప్పుకుంటాం. హైకోర్టు, 1961లో సుప్రీంకోర్టు ఎత్తిచూపినది మాత్రం జడ్జి జ్యూరీకి ఇచ్చిన సూచనల లోపాలను. ప్రమాదవశాత్తూ జరిగిందని చెప్పేటప్పుడు సాక్ష్య చట్టం 105వ సెక్షన్ ప్రకారం దానిని రుజువు చేసే భారం ముద్దాయిదేనన్న సంగతి ఆ తొమ్మిది మందికి చెప్పనే లేదు.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ లేకుండా పోయింది. జడ్జిలు శిక్షణ పొందినవారు గనుక ఈ చిక్కులు వారికి ఉండవని అనుకోవడం సహజం. ఆండ్రూ విస్ట్రిచ్, క్రిస్ గుత్రీ, జెఫ్రీ రాక్లిన్‌స్కీ 2005లో అమెరికన్ జడ్జిల మీదనే ప్రయోగాలు చేశారు. చట్టం పరిగణించవద్దన్న సమాచారంలో కొన్ని రకాలను జడ్జిలు పక్కన పెట్టగలిగారు, మరికొన్నింటిని పెట్టలేకపోయారు. అక్కడ కనీసం జ్యూరీని బయటికి పంపి, ఒక సాక్ష్యం చెల్లుతుందో లేదో ముందుగా తేలుస్తారు. మన కోర్టులో పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదని చెప్పి పక్కన పెట్టే చేతులే, ఆ తర్వాత అదే కేసులో తీర్పు రాస్తాయి.