ఆదివాసీ ఆసుపత్రులకు సర్కారు భూమి: వెనక్కి తీసుకునే షరతు ఉండాలా? (చర్చా కార్యక్రమం పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికా రాష్ట్రమైన అలాస్కాలోని సిట్కా, డిల్లింగ్‌హామ్, టనానా ఊళ్లలో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ భూములను ఆదివాసీ సంస్థలకు ఉచితంగా, వెనక్కి తీసుకునే హక్కును సైతం వదులుకుని రాసిచ్చేలా అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ 2022లో చట్టం చేసింది. ప్రజల ఆస్తిని పైసా తీసుకోకుండా ఇచ్చేటప్పుడు ఒక్క షరతైనా ఉండవద్దా? న్యాయవాది గారు చెప్పండి.

న్యాయవాది: ఇది కొత్తగా చేసిన పంపకం కాదండీ. అమెరికాలో ఆదివాసుల కోసం చేసిన 1975 నాటి స్వయం నిర్ణయాధికార చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం చేయవలసిన వైద్యసేవను ఒప్పందంపై నడుపుతున్నది ఈ సంస్థలే. పాత పద్ధతిలో, తన హక్కేదో వదులుకుంటున్నానని చెప్పడమే తప్ప దానికి పూచీపడని క్విట్‌క్లెయిమ్ దస్తావేజు ఇచ్చి, దానిపై వెనక్కి తీసుకునే షరతు పెట్టేవారు. ఎప్పుడైనా చేజారే స్థలాన్ని తాకట్టు పెట్టుకుని ఏ బ్యాంకు భవనానికి అప్పిస్తుంది?

వ్యాఖ్యాత: అయితే రేపు ఆ స్థలంలో ఆసుపత్రి కాకుండా మరొకటి కడితే ఏం చేయాలి?

విశ్రాంత ఆడిట్ అధికారి: నా అభ్యంతరం కూడా అదే. ఆరోగ్య, సామాజిక సేవల కోసమని చట్టంలో రాసి ఉన్నా, ఆ మాట తప్పినప్పుడు భూమి ప్రభుత్వానికి తిరిగి రావాలన్న నిబంధన లేదు. ప్రయోజనాన్ని రాసి, దాన్ని అమలు చేసే...

న్యాయవాది: ఒక్క నిమిషం. మన అసైన్డ్ భూముల సంగతే చూడండి. 1977 చట్టంతో అమ్మకాన్ని నిషేధించడం పేదవాడి భూమి జారిపోకుండా కాపాడటానికే అయినా, ఆ పట్టా పెట్టుకుని బ్యాంకు మెట్లెక్కితే ఎదురయ్యే ఇబ్బంది రైతుకే తెలుసు.

వ్యాఖ్యాత: అసైన్డ్ భూమిని షరతు తప్పితే మన ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుంది కదా! అదే షరతు అక్కడెందుకు లేదని అడుగుతున్నాను.

న్యాయవాది: మన దగ్గర 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఏమన్నది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదన్నది. ఆదివాసుల నడుమ ఉన్న సర్కారు భూమి సర్కారు ఇష్టానికి వాడుకునే సొత్తు కాదని ఆ తీర్పు...

ఆడిట్ అధికారి: అది గనుల లీజు వ్యవహారం. మనం ఆసుపత్రుల గురించి మాట్లాడుకుంటున్నాము.

వైద్యురాలు: ఆసుపత్రుల గురించే చెబుతాను. డిల్లింగ్‌హామ్‌కు బయటినుంచి రోడ్డు లేదు. విమానంలోనో పడవలోనో రావాలి. చుట్టుపక్కల పల్లెలో చిగురు వాచి చీము పట్టిన పిల్లవాణ్ణి చిన్న విమానంలో అక్కడికి తీసుకొస్తారు. అక్కడ దంతవైద్యశాలకు ఇచ్చినది ఒకటిన్నర ఎకరం కూడా లేదు. స్థలం ఇవ్వవలసిందే, కానీ కుర్చీ పక్కన నిలబడే వైద్యుడు నిలకడగా దొరకకపోతే...

న్యాయవాది: ఆమె నా మాటే చెబుతున్నారు! అలాస్కాలోనే ఉన్న ఆంకరేజ్ నగరంలో ఇలాగే 2.79 ఎకరాలు ఆదివాసీ సంస్థకు బదలాయించడానికి 2013లో చట్టం చేశారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చే రోగులు, బంధువులు ఉండేందుకు 202 గదుల వసతి భవనం కట్టి, ఆసుపత్రికి నేరుగా నడిచి వెళ్లే వంతెన వేశారు. నమ్మి ఇస్తే ఏం కడతారో అక్కడే కనిపిస్తోంది.

వైద్యురాలు: నేను సిబ్బంది గురించి అన్నాను.

వ్యాఖ్యాత: దానికి వస్తాము. ఆ 202 గదులు రేపు హోటల్ అయితే ప్రభుత్వం దగ్గర ఏం మిగులుతుంది?

న్యాయవాది: అనుమానం ఎప్పుడూ ఆదివాసుల మీదనేనా? బదలాయింపుకు ముందున్న కాలుష్యానికి కొత్త యజమాని బాధ్యత వహించనక్కరలేదని 2022 చట్టంలోనే ఎందుకు రాశారు? ఆ నేలను అంతకాలం ఏలినది ప్రభుత్వమే కాబట్టి. షరతు పెట్టవలసి వస్తే, శుభ్రం చేసి ఇమ్మని ముందు ప్రభుత్వానికే పెట్టాలి.

ఆడిట్ అధికారి: కాలుష్యం విషయంలో మీతో ఏకీభవిస్తాను, కానీ తనిఖీ అంటే అనుమానించడం...

న్యాయవాది: తనిఖీ చేయండి, లెక్కలు అడగండి, భూమి మాత్రం గుంజుకోకండి!

వ్యాఖ్యాత: షరతు ప్రశ్న నేటికీ మిగిలే ఉంది. డాక్టర్ గారూ, సిబ్బంది గురించి అర నిమిషంలో చెప్పండి.

వైద్యురాలు: క్వార్టర్స్ కట్టడానికి కూడా స్థలం కావాలి. ఇల్లు లేని ఊరికి నర్సు వచ్చినా...

న్యాయవాది: చూశారా, మళ్లీ భూమి దగ్గరికే వచ్చాము!

వ్యాఖ్యాత: సమయం ముగిసింది. ముగ్గురికీ ధన్యవాదాలు.