లేక్ వ్యూతో పాటు వచ్చిన కట్ట

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ భోజనాలకు ముందు, డ్యామ్ గురించి మాట్లాడతానంటే లేచి వెళ్లిపోకుండా కూర్చున్నారు. మీ ఓపికకు దండం పెట్టాలి.

అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది లేక్ ఉన్న సబ్‌డివిజన్లలో ఇళ్లు కొన్నారు. ఇల్లు చూపించేటప్పుడు రియల్టర్ లేక్ చూపిస్తారు, చేపలు పట్టే చోటు చూపిస్తారు, చుట్టూ నడిచే బాట చూపిస్తారు. ఆ నీళ్లను ఆపి ఉంచిన మట్టికట్ట మాత్రం చెట్ల చాటున ఎక్కడో ఉంటుంది. ఈ ప్రాంతంలో సహజంగా ఏర్పడిన సరస్సులు దాదాపు లేవండీ. వాగుకు అడ్డంగా ఎవరో ఎప్పుడో కట్ట వేస్తేనే లేక్. వేసినవాళ్లు కొన్నిచోట్ల రైతులు, కొన్నిచోట్ల డెవలపర్లు. వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఇప్పుడది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) పేరు మీద ఉంటే మీ పేరు మీద ఉన్నట్టే. అమెరికా జాతీయ జాబితాలో 90 వేలకు పైగా డ్యామ్‌లు ఉన్నాయి, వాటిలో సగానికి పైగా ప్రైవేటువాళ్లవే. డ్యామ్ అంటే ప్రభుత్వానిదే కదా అని మనం అనుకుంటాం. నాగార్జునసాగర్ చూసి పెరిగినవాళ్లం, అలా అనుకోవడంలో వింతేమీ లేదు.

మీలో చాలామంది పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే ఉంటారు. ఈసారి వెళ్తే అక్కణ్ణుంచి తూర్పుకు గంటన్నర కారులో వెళ్లి సౌత్ ఫోర్క్ డ్యామ్ చూసి రండి. మిగిలింది కట్ట రెండు కొసలే, మధ్యలో పెద్ద గండి. దాని చరిత్ర కొంచెం వివరంగా చెప్తాను. విలాసం కోసం ఉంచుకున్న పాత కట్టను మనుషులు ఎలా పాడుచేసుకుంటారో తెలియాలంటే ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

దాన్ని పెన్సిల్వేనియా రాష్ట్రమే కట్టించింది, పడవల కాలువకు నీళ్ల కోసం. పని పూర్తయింది 1853లో. ఎత్తు 72 అడుగులు. తీరా కట్టేసరికి రైలు వచ్చేసింది, కాలువతో పని లేకుండా పోయింది. కట్ట చేతులు మారుతూ వచ్చింది. 1862లో ఒకసారి కొంత తెగింది కూడా. మధ్యలో ఒక యజమాని అడుగున తూములో ఉన్న ఐదు ఇనప పైపులను పీకించి తుక్కు కింద అమ్మేశాడు. 1879 తర్వాత అది సౌత్ ఫోర్క్ ఫిషింగ్ అండ్ హంటింగ్ క్లబ్ చేతికి వచ్చింది. సభ్యులెవరంటే కార్నెగీ, ఫ్రిక్, మెలన్ లాంటి పిట్స్‌బర్గ్ కోటీశ్వరులు. డబ్బుకు కొదవ లేదన్నమాట.

వాళ్లేం చేశారో చూడండి. పాత గండిని పూడ్చారు, కానీ డ్యామ్ పని తెలిసిన ఇంజినీరును పెట్టుకోలేదు. తూము పైపులు మళ్లీ వేయలేదు. కట్ట మీద గుర్రబ్బండ్లు ఎదురెదురుగా వచ్చినా ఇబ్బంది లేకుండా పైభాగాన్ని కొంత దించి వెడల్పు చేశారు. లేక్‌లో వదిలిన చేపలు జారిపోకుండా అలుగుకు అడ్డంగా ఇనప జాలీ పెట్టారు. ఒక్కొక్కటిగా చూస్తే ఏ పనీ దుర్మార్గం కాదు, మన హెచ్‌ఓఏ మీటింగులో ఓటుకు పెడితే పాసయ్యేవే.

కింద 14 మైళ్ల దూరంలో జాన్స్‌టౌన్. అక్కడి ఉక్కు కంపెనీ పెద్ద డేనియల్ మోరెల్‌కు అనుమానం వచ్చి 1880లో తన ఇంజినీరు జాన్ ఫుల్టన్‌ను పంపించాడు. ఆయన రెండు లోపాలు రాసిచ్చాడు. ఒకటి, నీళ్లు దించుకోవడానికి దారి లేదు, కాబట్టి రిపేరు చేయాలన్నా చేయలేరు. రెండు, పూడ్చిన చోట పని గట్టిగా లేదు, ఊట కారుతోంది. బాగు చేయడానికి ఖర్చులో కొంత మేమూ భరిస్తామని మోరెల్ రాశాడు. మీకేమీ ప్రమాదం లేదని క్లబ్ నుంచి జవాబు వచ్చింది.

1889 మే 31. రాత్రంతా కుండపోత. పొద్దున లేచి చూస్తే నీళ్లు కట్ట పైఅంచుకు దగ్గరగా వచ్చేశాయి. కొట్టుకొచ్చిన కొమ్మలూ చెత్తా వెళ్లి ఆ చేపల జాలీకే పట్టేశాయి. కూలీలు కొందరు జాలీ దగ్గర చెత్త లాగుతుంటే, కొందరు రెండో కొసన కొత్త కాలువ తవ్వబోయారు. క్లబ్‌లో పనిచేసే కుర్ర ఇంజినీరు జాన్ పార్క్ గుర్రమెక్కి కింది ఊరికి పరుగెత్తి, జాగ్రత్త చెప్పమని అక్కణ్ణుంచి జాన్స్‌టౌన్‌కు కబురు పెట్టాడు. అలాంటి కబుర్లు ఏటా వినీ వినీ విసిగిపోయినవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో కట్ట తెగింది. 2,209 మంది చనిపోయారు. కోర్టుల్లో క్లబ్ మీద ఒక్క కేసూ నిలవలేదు.

అంత వానకు కట్ట ఎలా ఉన్నా తెగేదేనని అప్పటి ఇంజినీర్ల కమిటీ తేల్చేసింది. ఆ లెక్క సరికాదని 2016లో ఒక అధ్యయనం వచ్చింది. మొదట కట్టినట్టే ఉంచి ఉంటే కట్ట మీదుగా నీళ్లు పొర్లేవి కావని దాని సారం. నాకు ఇదే నమ్మదగిందిగా అనిపిస్తుంది.

72 అడుగుల కట్టతో మా చిన్న లేక్‌కు పోలికేంటని అడుగుతారని తెలుసు. సరే, మన జార్జియాకే వద్దాం. టొకోవా జలపాతం పిల్లలతో వెళ్లి చూసినవాళ్లు ఉంటారు. దానికి పైన కెల్లీ బార్న్స్ డ్యామ్ ఉండేది, సుమారు 40 అడుగులది. కొండ కింద ఉన్న బైబిల్ కాలేజీకి దాన్నుంచి కరెంటు వచ్చేది, 1957లో అదీ ఆపేశారు. తర్వాత అది ఉత్త షికారు లేక్. 1977 నవంబరు 6, రాత్రి ఒంటిగంటన్నరకు, రోజుల తరబడి పడిన వాన తర్వాత తెగింది. కింద ఇళ్లలో అందరూ నిద్రలో ఉన్నారు. 39 మంది పోయారు, చాలామంది పిల్లలు. కారణం ఇదీ అని ఒక్కటి తేల్చలేకపోయారు. వెనకవైపు వాలు మరీ నిటారుగా ఉందని, అంతకు కొన్నేళ్ల ముందే అక్కడ మట్టి జారిందని బయటపడింది. జారిన సంగతి ఫొటోల్లో కూడా ఉంది. ఆ మరుసటి ఏడాదే జార్జియా సేఫ్ డ్యామ్స్ చట్టం వచ్చింది.

ఇప్పుడు మీ కట్ట దగ్గరికి వెళ్దాం. ఊళ్లో చెరువుకు నీరటి ఉండేవాడు. నీరుగంటి అని కూడా అంటారు. కట్ట మీద రోజూ తిరిగే మనిషి. ఇక్కడ ఆ పని ఎవరిదీ కాదు, అందుకే చెప్తున్నాను. లేక్ వైపు నుంచి చూస్తే ఏమీ తెలియదు. వెనక్కి దిగండి, పాదం దగ్గరికి. ఎండాకాలంలో కూడా ఒకచోట నేల మెత్తగా దిగబడుతోందా, మిగతా చోట లేని జమ్ము అక్కడే మొలిచిందా చూడండి. ఊట కనిపిస్తే గాజు గ్లాసులో పట్టి కాసేపు పక్కన పెట్టండి. మట్టికట్టకు కొద్దిపాటి ఊట ఉంటుంది. నీళ్లు తేటగా ఉంటే ఎక్కడ, ఎంత వస్తోందో రాసుకుని, ఫొటో తీసి, వచ్చే నెల మళ్లీ చూసుకోవచ్చు. గ్లాసు అడుగున మట్టి పేరుకుందంటే మాత్రం కట్ట లోపలి మట్టి బయటికి కొట్టుకొస్తోందని అర్థం. బుంగ పడటం అలాగే మొదలవుతుంది. ఇక మీటింగు దాకా ఆగకూడదు, ఆ రోజే ఇంజినీరుకు ఫోన్ చేయాలి.

చాలా పాత లేక్‌లలో కట్ట కిందుగా ముడతల రేకు పైపు ఉంటుంది. దాని ఆయుష్షు కొన్ని దశాబ్దాలే. తుప్పు పట్టి చిల్లు పడితే పైపు వెంటే మట్టి జారిపోతుంది. పైన నేల కాస్త కుంగినట్టు కనిపిస్తే లాన్ సరిచేసేవాళ్లు అక్కడ మట్టి పోసి గడ్డి పరుస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. పైపు లోపలికి కెమెరా పంపించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

చెట్ల విషయంలో గొడవలు ఎక్కువ. నీడ బాగుంటుంది, నరకొద్దంటారు. చెట్టు గాలివానకు వేళ్లతో సహా పడిపోతే కట్టలో గొయ్యి పడుతుంది. చచ్చి వేళ్లు కుళ్లితే నీళ్లకు దారి అవుతుంది. అలాగని పెద్ద చెట్లను మీరే మొదళ్లతో సహా పెకిలించడం ఇంకా ప్రమాదం. చిన్న మొక్కల్ని మొదట్లోనే కోసేయండి, పెద్దవాటిని ఇంజినీరుకు వదిలేయండి. నీళ్లు దించే వాల్వు ఉంటే ఏడాదికోసారైనా ఇంజినీరును అడిగి తిప్పించండి. దాని తాళం ఎవరి దగ్గరుందో ముందు కనుక్కోండి, చాలాచోట్ల ఎవరికీ తెలియదు.

చివరిగా అందరికీ టెన్షన్ పెట్టే విషయం. జార్జియాలో 25 అడుగుల ఎత్తు గానీ, 100 ఎకర-అడుగుల నిల్వ (అంటే వంద ఎకరాల్లో అడుగు లోతు నిలిచేన్ని నీళ్లు) గానీ ఉంటే డ్యామ్ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది. తెగితే ప్రాణనష్టం ఉంటుందనుకుంటే కేటగిరీ ఒకటి, లేకపోతే రెండు. మీ కట్టను మీరు ఒక్క అంగుళం కదిలించకపోయినా, కింద వాగు పక్కన ఎవరో కొత్త ఇళ్లు కడితే మీది రెండు నుంచి ఒకటికి మారిపోవచ్చు. అప్పుడు అలుగు పెంచడం, కట్ట బలపరచడం మీ ఖర్చే. ఇది న్యాయమా అంటే, నాకూ పూర్తిగా న్యాయంగా అనిపించదు. కానీ ఆ ఇళ్లలో నిద్రపోయేవాళ్లకు పైన లేక్ ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. కాబట్టి ఖాళీ స్థలంగా ఉన్నప్పుడే ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే కౌంటీ జోనింగ్ మీటింగులకు వెళ్లి, ఇది మా డ్యామ్ ముంపు ప్రాంతం అని మ్యాపు చూపించి చెప్పండి. ఆ మ్యాపు లేకపోతే ఇంజినీరు చేత గీయించండి. దాంతో పాటే రాత్రి రెండింటికి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం రాసుకోండి.

బీమా గురించి, రిజర్వ్ ఫండ్‌లో ఎంత దాచాలనే దాని గురించి ఇద్దరు ముగ్గురు ముందే చీటీలు పంపారు. వాటితోనే మొదలుపెడదాం, అడగండి.